చెల్లి చేతి దెబ్బ

బాక్సింగ్ హాల్లో అందరూ ఆమెను పిడుగు అనేవాళ్లు. ఎదురుపడి అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. వరసగా మూడేళ్లు చాంపియన్ ఆమే.

తల్లి చనిపోయిన ఏడాది, లాండ్రీలో ఇస్త్రీ చేసే తండ్రి "ఇంట్లో కూర్చుని ఎంతకని ఏడుస్తారే?" అంటూ కూతుళ్లిద్దర్నీ తెచ్చి ఆ హాల్లో దిగబెట్టాడు. పెద్దది వచ్చీరాగానే ఇసుకబస్తా మీద పడింది. చిన్నది అక్క చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. అప్పట్నుంచీ అక్క ఎక్కడుంటే చెల్లి అక్కడే.

"మీ అక్క చెయ్యి ఇస్త్రీపెట్టెమ్మా. నీది ఇంకా తడిబట్టే!" అని బాక్సింగ్ నేర్పే మాస్టారు చిన్నదాన్ని ఏడిపించేవారు.

పిడుగు విదేశీ పోటీలకి ఎంపికైంది. ప్రయాణం దగ్గరపడ్డాక ఓరోజు సాధనకి సరైన జోడీ దొరక్క చెల్లినే రింగులోకి పిలిచింది.

"ముద్దు చేస్తున్నావేంటే? కొట్టు!"

చెల్లి కొట్టింది. ఆ ఎడమచేతి దెబ్బ అంత శుభ్రంగా పడటం అదే మొదటిసారి. పిడుగు మురిసిపోయింది కూడా. "అబ్బో, తడిబట్ట ఆరిందే!"

సాయంత్రానికి, దెబ్బ తగిలిన ఆమె కుడికంట్లో నల్లటి తెరొకటి కిందనుంచి పైకి లేచింది.

ఆపరేషన్ అయ్యాక కళ్లడాక్టరమ్మ పక్కన కూర్చుని చెప్పింది. "ఆ కంటికి వెలుతురు మటుకు తెలుస్తుంది. అంతకుమించి రాదమ్మా. ఇంక రింగు మాట ఎత్తకు."

ఆస్పత్రిలో పిడుగు కంట తడిపెట్టలేదు. ఇంటికొచ్చి మంచినీళ్లు వంచుకోబోతే ధార గ్లాసులో పడకుండా పక్కన పడింది. రెండోసారీ అంతే. అప్పుడు నేలమీద చతికిలబడి గొల్లుమంది. తండ్రి తువ్వాలుతో ఆ నీళ్లు తుడుస్తూ "ఊరుకో తల్లీ" అంటూనే తనూ ఊరుకోలేకపోయాడు.

చెల్లి గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నీ తప్పు కాదే. ముఖం కాచుకోకుండా చెయ్యి దించింది నేను" అంది పిడుగు.

"కొట్టింది నేను కదక్కా."

తనకి దక్కనిది చెల్లికైనా దక్కాలని పిడుగు పంతం పట్టింది. మళ్లీ ఎంపిక పోటీలు పెడితే చెల్లి పేరు తనే ఇచ్చింది. అక్క మాటకి ఎదురుచెప్పడం చిన్నదానికి పుట్టుకతోనే రాదు. వెళ్లి రింగులో నిలబడింది.

అడుగులు బాగానే వేసింది, ముఖం బాగానే కాచుకుంది. చెయ్యి మాత్రం ముందుకు రాలేదు. అవతలి అమ్మాయి అది కనిపెట్టి మీదికొచ్చేసింది.

"ఎడమచెయ్యి! ఎడమచెయ్యి వెయ్యవే!" పిడుగు గొంతు బొంగురుపోయింది.

విరామంలో చెల్లి ముక్కునుంచి కారుతున్న రక్తం తుడుస్తూ పిడుగు కసిరింది. "ఆ పిల్ల ముఖం తెరిచిపెట్టి నిలబడింది. కనబడట్లేదా?"

"నువ్వే కనబడుతున్నావక్కా."

పిడుగు చేతిలో తువ్వాలు ఆగిపోయింది. "మళ్లీ రింగులోకి పంపనా?" అని మాస్టారు అడిగారు. "వద్దు మాస్టారూ" అని, వంగి చెల్లి గ్లవ్స్ తాళ్లు తనే విప్పింది.

ఇప్పుడు చెల్లి లాండ్రీలో తండ్రి పక్కన నిలబడి దుప్పట్లు మడతపెడుతుంది. పిడుగు హాల్లో ఆడపిల్లలకి నేర్పుతుంది. "కొట్టడం తర్వాత, ముందు కాచుకోండే" అని అరుస్తుంది. "మీ చెల్లినీ తీసుకురా, తోడుంటుంది" అని మాస్టారంటే ఒకరోజు బతిమాలి తీసుకొచ్చింది. లోపల బస్తా మీద గుద్దుల చప్పుడు వినగానే చెల్లి మెట్లమీదే ఆగిపోయింది.

"నేను ఇంటికెళ్తానక్కా."

"పద, నేనూ వస్తా."

రోడ్డుమీద చెల్లి అక్కకి కుడిపక్కనే నడిచింది. అటునుంచి వచ్చే బండ్లు అక్కకి కనబడవు. ఒక్కసారి, ఎవరినో ఒకర్ని, మనసారా కొట్టవే అని అడగాలనిపించింది పిడుగుకి. అడిగితే ఏడుస్తుందని, కూరలేం కొందామని అడిగింది.