ఆవిడ తట్టి చూపించిన తడిక

1886 వేసవి. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న డిస్పెన్సరీలో నేను కాంపౌండరుని. డాక్టరుగారు రాసిన చీటీ చూసి మందులు కలపడం, పుళ్ళు కడిగి కట్టు కట్టడం నా పని. ఇంకో పని నేనే కోరి నెత్తికెత్తుకున్నాను.

మన్యం నుంచి వెదురు తెప్పల మీద వచ్చే కోయవాళ్ళలో చాలామందికి తెలుగు రాదు. నేను చేరిన వారమే డాక్టరుగారు, "వీళ్ళ మాట ఎవరికైనా వచ్చా?" అనడిగారు. "నాకొచ్చండి" అన్నాను. నాకొచ్చింది సంతలో చింతపండు బేరమాడేటంత. రా, పో, ఎంత, ఉప్పు, ఇంకో పది మాటలు. అయినా ఆ ఒక్క గొప్పతో నాకన్నా పెద్ద కాంపౌండరుని దాటి డాక్టరుగారి బల్ల పక్కకు చేరాను. రెండేళ్ళు ఎవరికీ అనుమానం రాలేదు. గజ్జి, పుండు కంటికి కనపడేవే కదా.

ఒక ఉదయం ఓ కోయ స్త్రీ మొగుణ్ణి భుజాన ఆనించుకుని తెచ్చింది. పిక్క వాచిపోయింది, ఒళ్ళు కాలిపోతోంది. పైకి చిన్న మచ్చ తప్ప గాయమేమీ లేదు.

"ఎలా వచ్చిందో అడగవయ్యా" అన్నారు డాక్టరుగారు.

నేనేదో రెండు ముక్కలన్నాను. ఆవిడ గబగబా చాలాసేపు చెప్పింది. నాకు ఏమీ అర్థం కాలేదు, తల మాత్రం ఊపుతూనే ఉన్నాను. చివరికి ఆవిడ లేచి, గుమ్మం పక్కనున్న వెదురు తడికను తట్టి, మొగుడి పిక్క చూపించి, మళ్ళీ తడికను తట్టింది.

"తడికనెందుకు చూపిస్తోంది?"

"ఎండగా ఉందంటండి. ఆ చాటున కూర్చోబెట్టమంటోంది."

"మరి వాపు?"

"దానంతటదే వచ్చిందంటండి."

డాక్టరుగారు పాపం ఆ మనిషిని నీడకు చేర్పించి, పైన రుద్దడానికి లినిమెంటు, జ్వరానికి క్వినైను రాశారు. నేను చక్కగా కలిపి ఇచ్చాను.

తొమ్మిదో రోజున తిరిగొచ్చారు. ఈసారి తెలుగు వచ్చిన తెప్పల మేస్త్రీ వెంట ఉన్నాడు. "తెప్ప కడతంటే వెదురు పేడు కాల్లో దిగి విరిగిపోయిందండి. ముక్క లోపలే ఉందండి. మొదటి రోజే చెప్పానంటందండి ఈమె" అన్నాడు.

డాక్టరుగారు నావైపు చూశారు. "ఏమయ్యా, చెప్పిందా?"

"సరిగ్గా చెప్పలేదండి" అన్నాను. మేస్త్రీ నాకేసి ఓసారి చూశాడు.

అప్పటికే కాలు నల్లబడింది. స్పృహ తప్పించే క్లోరోఫాం ఇచ్చి మోకాలి పైకి కాలు తీసేశారు. కదలకుండా పట్టుకున్నది నేనే. తీసేసిన కాల్లో బొటనవేలంత వెదురు ముక్క దొరికింది.

మనిషి బతికాడు. తెప్ప మీద నిలబడి పొట్ట పోసుకునేవాడికి ఒంటికాలు మిగిలింది. వెళ్ళేరోజు ఆవిడ నా చేతిలో కుంకుడుకాయల మూట పెట్టి ఏదో అంది. మేస్త్రీ నా ముఖం చూడకుండా చెప్పాడు: "ఇంత ఊళ్ళో మా మాటలో పలకరించింది మీరొక్కరేనంటండి."

ఆ మూట విప్పలేకపోయాను. ఆ తరవాత ఎవరొచ్చినా "నాకు రాదండి, మేస్త్రీని పిలిపిద్దాం" అనడం నేర్చుకున్నాను. ఎంత తేలికైన మాట! మొదటి వారమే అనుంటే ఆ కాలు నిలిచేది. డాక్టరుగారు బతికున్నన్నాళ్ళూ ఆయనతో నిజం చెప్పడానికి నోరు రాలేదు, సిగ్గుతో చచ్చాను. ఇప్పుడు చెబుతున్నాను. ఆవిడ సరిగ్గానే చెప్పింది. తడిక తట్టి మరీ చెప్పింది.