జయరాజు సారు చెవులు

పోయిన ఆదివారం ధర్మవరంలో ఒక పెళ్లికి వెళ్లాను. పాటకచేరీలో గిటారు మొదలైందో లేదో, ఆ మోత సూదిలా చెవిలో దిగింది. పక్కావిడ "అబ్బా, ఏం మోతమ్మా ఇది!" అని చెవులు మూసుకుంది. నాకు మాత్రం జయరాజు సారు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

హిందూపురంలో ఆయనకు గిటారు ఆంప్లిఫయర్లు చేసే చిన్న షాపుండేది. డిప్లొమా చదివి అక్కడే పనికి చేరాను. బ్రిటిష్ శబ్దం, అమెరికన్ శబ్దం అని ఆయన మాట్లాడుతుంటే మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం క్యారియర్ విప్పుతూ చెప్పారు.

"అమెరికాది చిత్రాన్నం మాదిరమ్మా. గింజకు గింజ విడిగా ఉంటాది. కింది స్వరం, పై స్వరం తేటగా వినపడతాయి. బ్రిటిష్‌ది సంగటి. నడిమి స్వరం ముద్దగా ముందుకొస్తాది, గట్టిగా వాయిస్తే గుర్రుమంటాది."

"మరి ఏది మంచిది సార్?"

"తినేటోణ్ణి బట్టి. చర్చిలో పాడే మనిషి పక్కన సంగటి పెడితే గొంతు యాడ వినపడతాది?"

బెంగళూరు పిల్లలొచ్చి గుర్రుమనేదే కావాలంటే నవ్వుతూ చేసిచ్చేవారు. ప్రాణమంతా మాత్రం ఆ తేట శబ్దం మీదే. మీటరు కన్నా తన చెవినే నమ్మేవారు.

అరవై దాటాక ఆ చెవే ఆయన్ను మోసం చేసింది. పై స్వరాలు వినపడటం తగ్గింది. తనకు వినపడేదాకా వాటిని పెంచుకుంటూ పోయేవారు. ఆయనకు తేటగా ఉన్నది మాకు కర్ణకఠోరం. ఒక ఆంప్ వాపసు వచ్చినప్పుడు ఆయన షాపులో లేరు. నేనే మూత విప్పి, పై స్వరాన్ని పెంచే చిన్న కెపాసిటరు మార్చి పంపించేశాను. ఆ తర్వాత షాపు దాటే ప్రతి ఆంప్‌కూ చాటుగా అదే పని. సారు నొచ్చుకుంటారని చెప్పలేదని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. అది సగమే నిజం. గురువును దిద్దుతున్నానన్న పొగరు నాలో లేకపోలేదు.

పెనుకొండ చర్చిలో ఒక ఆంప్ మూగబోయిందని కబురొచ్చింది. నేను సెలవులో ఉండటంతో ఆయనే బస్సెక్కి వెళ్లారు. విప్పితే తాను పెట్టని కెపాసిటరు కనపడింది. మర్నాడు నేను షాపులో అడుగు పెట్టగానే అడిగారు.

"నువ్వేనా మార్చింది?"

"అవును సార్."

"ఎన్ని దినాలుగా?"

"రెండేండ్లు."

"అన్నీనా?"

తలూపాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! స్టూలు మీద కూర్చుని తన చేతులకేసి చూసుకున్నారు.

"మొదటి దినమే చెప్పింటే, నీ చెవులతో విని నా చేతులతో చేసుకుంటాంటి గదమ్మా" అన్నారు.

మళ్లీ సోల్డరింగ్ ఐరన్ పట్టలేదు. ఎవరైనా ఆంప్ వినిపించబోతే "నన్నడగొద్దప్పా, ఆయమ్మనడుగు" అనేవారు. మూడేళ్లకు పోయారు. క్షమించమని ఒక్కసారైనా అడగలేదు నేను.

ఇప్పుడా షాపు నాది. నాకూ యాభై దాటింది. నేను చేసిన ఆంప్ విన్నవాళ్లంతా "బలే ఉండాది మేడమ్" అంటారు. "నిజం చెప్పప్పా" అంటాను. "నిజమే మేడమ్" అంటారు. నేనూ సారు అడిగినప్పుడల్లా ఆయన ముఖంలోకి చూస్తూ రెండేళ్లపాటు అలాగే అన్నాను.