కింది ఫ్లోరు టీచరమ్మకు నేను చెప్పిన అబద్ధం

మా కింది ఫ్లోరు టీచరమ్మ పోయారన్న కబురు ఆఫీసు మీటింగులో ఉండగా తెలిసింది. మాదాపూర్‌లో, ఏడో అంతస్తులో, టీమంతా గుండ్రంగా నిలబడి నిన్న ఏం చేశామో, ఇవాళ ఏం చేస్తామో చెప్పుకునే వేళ. ఫోన్ చేతిలోనే ఉంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మెసేజి: ఉదయం గుండెపోటు, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే. దాని కింద అప్పటికే చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. అంతలో నా వంతు వచ్చింది. "లాగిన్ పేజీ టెస్టింగ్ అయిపోయింది, నా వైపు నుంచి ఇబ్బందులేమీ లేవు" అని చెప్పేశాను. తరవాత వాష్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఏడుపు రాలేదు. కాళ్ళు మాత్రం ఒకచోట నిలవలేదు. ఇప్పటికీ నిలవడం లేదు. ఇది రాస్తూ రాస్తూ మూడుసార్లు లేచి ఇల్లంతా తిరిగి వచ్చాను.

ఆమె స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్. బుద్ధి ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకూ, ఆటిజం ఉన్న పిల్లలకూ గోపన్‌పల్లిలో ఒక చిన్న బడిలో ఇరవై ఏళ్ళకు పైగా చదువు చెప్పారు. మూసాపేటలో మా ఇంటి కింద ఒక్కరే ఉండేవారు. నేను ఆమెను మొదట చూసింది మెట్ల మీద. ఆదివారం పొద్దున, లిఫ్టు చెడిపోయి మెట్లు దిగుతుంటే, దారికి అడ్డంగా కూచుని గుడ్డముక్కల మీద పెద్ద పెద్ద గుండీలు కుడుతున్నారు. ఇంట్లో వెలుతురు చాలదట. తప్పుకుంటారేమోనని నిలబడ్డాను.

"ఊకె నిలబడ్తవేంది బిడ్డా, గీ సూదిల దారం ఎక్కియ్యి" అన్నారు.

గుండీ పెట్టుకోవడం నేర్చుకునే పిల్లల కోసమట. కూరగాయలకని బయల్దేరినదాన్ని, ఆమె పక్కనే కూచుని ఒక డజను గుండీలు కుట్టి, ఖాళీ సంచితో పైకి వెళ్ళాను. కూరలేవీ అని మా ఆయన అడిగితే నవ్వొచ్చింది.

ఆమెకు కుదురు లేదు. టీ సగం తాగి కప్పు ఎక్కడో పెట్టి మరిచిపోయేవారు. మాట మధ్యలో లేచి వెళ్ళిపోయేవారు. కొండాపూర్ సిగ్నల్ దగ్గర స్కూటీ ఆపి, ఎర్రలైటును చూస్తూ "జర జల్దీ, జర జల్దీ" అని దాన్నే గదమాయించేవారు. పిల్లల తల్లిదండ్రుల మీద విసుక్కోవడం కూడా నేను చూశాను, అది నాకు నచ్చేది కాదు. క్లాసులో అడుగు పెడితే మాత్రం వేరే మనిషి. ఒక పిల్లవాడు చెప్పులు వేసుకోవడానికి పది నిమిషాలు తీసుకుంటే, ఆ పది నిమిషాలూ నేల మీద పక్కనే కూచునేవారు, చెయ్యి వెయ్యకుండా. ఆ తొందరంతా అంతసేపూ ఎక్కడ దాచేవారో నాకు అంతుపట్టేది కాదు.

తొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఒకసారి ఆమె బడి చూసి వచ్చాక ఇక ఆఫీసులో మనసు నిలవలేదు. "మీ పని నేర్చుకోవాలంటే ఏ కోర్సు చెయ్యాలి టీచర్?" అని అడిగాను. ఆ ప్రశ్నకు ఆమె ఎవరికీ వెంటనే జవాబు చెప్పరని తరవాత తెలిసింది. అడిగిన ప్రతివాళ్ళనూ ఐదు శనివారాలు క్లాసులో ఒక మూల కూచోబెట్టేవారు. ఒకే పిల్లను చూసి, కాగితం మీద రాసివ్వాలి.

"చూసింది రాయి. అనుకున్నది రాయకు" అనేవారు.

మొదటి శనివారం నాకు లాస్యను చూపించారు. తొమ్మిదేళ్ళ పిల్ల, ఆటిజం ఉంది, మాటలు రావు. నేను నాకు అలవాటైన పద్ధతిలోనే రాశాను. పరీక్ష: బ్యాగును గోడకున్న కొక్కేనికి తగిలించడం. రావలసిన ఫలితం: తగిలించాలి. వచ్చిన ఫలితం: కొక్కెం పట్టుకుని నిలబడింది, బ్యాగు కింద పడేసింది. స్థితి: ఫెయిల్. అలాంటివి రెండు పేజీలు, గళ్ళు గీసి మరీ ఇచ్చాను. మెచ్చుకుంటారనుకున్నాను.

ఆమె రెండో గడి మీద వేలు పెట్టారు. "రావల్సిన ఫలితం అంటే ఏంది?"

"ఏం చెయ్యాలో అది, టీచర్."

"ఎవరనుకున్నరు చెయ్యాలని? నువ్వా, లాస్యనా?"

"నేనే..."

"లాస్యకు చెప్పినవా మరి?"

ఆమె వేలు మూడో గడి మీదికి జరిపారు. "ఆమె కొక్కెం ఎందుకు పట్టుకుంది? చూసినవా? స్టీలుది, పొద్దుగాల సల్లగుంటది. రోజూ కొద్దిసేపు పట్టుకుంటది, అటెన్క తగిలిస్తది. నువ్వు ఫెయిల్ అని రాసుకునే తొందర్ల గది చూడలే" అన్నారు, ఆయమ్మల ముందే. కాగితాలు తిరిగిచ్చేశారు. మొహం మాడిపోయి ఇంటికొచ్చాను. రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. మూడో శనివారం పొద్దున స్కూటీ స్టార్టయిన చప్పుడు వినగానే చున్నీ చేతపట్టుకుని మెట్లు దూకుతూ దిగాను. ఆమె స్కూటీ సీటు మీద కొంచెం ముందుకు జరిగారు.

ఐదు శనివారాలూ అయ్యాక గాని కోర్సుల మాట ఎత్తనివ్వలేదు. లాప్‌టాప్‌లో పట్టిక వేసుకుని వెళ్ళాను. శని ఆదివారాల్లో చేసే పీజీ డిప్లొమా, ఉద్యోగం మానక్కర్లేదు. సైకాలజీలో దూరవిద్య ఎమ్మే. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో రెండేళ్ళ బీఎడ్, నా బీటెక్‌తో చేరొచ్చు గాని రోజూ కాలేజీకి వెళ్ళాలి, ఉద్యోగం వదలాలి. ఆపైన కావాలంటే ఎమ్మెడ్. బీఎడ్‌లో చేరేటప్పుడే ఏ పిల్లలతో పని చేస్తామో ఎంచుకోవాలి: వినపడనివాళ్ళా, కనపడనివాళ్ళా, బుద్ధి ఎదుగుదల ఆలస్యమైనవాళ్ళా, ఆటిజం ఉన్నవాళ్ళా. ఒక్కో దానికి ఒక్కో రంగు వేశాను.

"రంగులు మంచిగున్నయ్" అన్నారు. "ఎమ్మే చేస్తే పిల్లల గురించి తెలుస్తది. క్లాసు మాత్రం నీ చేతికియ్యరు. బీఎడ్ చేసి, గీ టీచర్లను రిజిస్టరు చేసే కౌన్సిల్ల పేరు ఎక్కాలె."

"మరి వీకెండ్ డిప్లొమా?"

"పిల్లలు వీకెండే ఉంటరా?" అని, సగం టీ కప్పు కిటికీలో పెట్టి లేచారు. "రెండేండ్లు రోజూ పిల్లల మధ్యల కూసో. ఒకరోజు నీ మీద ఉమ్ముతరు, ఒకరోజు జుట్టు గుంజుతరు. గప్పుడు తెలుస్తది ఈ పని నీకు కావాల్నా వద్దా అని. గీ డబ్బాల తెల్వది."

ఇంట్లో చెప్పాను. మా ఆయన వద్దనలేదు. "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా పరేషాన్ చేసింది. వద్దని ఉంటే కొట్లాడి చేరేదాన్నేమో. దరఖాస్తు పేజీ తెరవడం, పేరు రాయడం, మూసేయడం. పట్టికలో ఇంకో గడి కలపడం. ఇలా నెలలు గడిచాయి. ఆమె కనపడ్డప్పుడల్లా ఒకటే ప్రశ్న: "వేసినవా?"

ఒకరోజు లిఫ్టులో అడిగారు. మెట్రోకు ఆలస్యమవుతోంది. ఆ ప్రశ్న ఇక వినలేక "వేశాను టీచర్" అన్నాను.

ఆమె నా భుజం మీద చెయ్యి వేశారు. అంతకు ముందెప్పుడూ వెయ్యలేదు. ఆ సాయంత్రం సర్వపిండి వేడివేడిగా తెచ్చి ఇచ్చారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నిజం చెప్పాలని రోజూ అనుకునేదాన్ని, ముందు దరఖాస్తు వేసేసి అప్పుడు చెప్తే సరిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. దరఖాస్తు వెయ్యలేదు, నిజమూ చెప్పలేదు. ఆమె నమ్మే పోయారు. అందుకు నాకు సిగ్గుగా ఉంది.

పోయిన వారం సెలవు పెట్టి గోపన్‌పల్లి వెళ్ళాను. బడి ప్రిన్సిపాల్ గారు గుంటూరు వైపు ఆవిడ. ఎంతో ఆదరంగా చెయ్యి పట్టుకున్నారు. "మీ గురించి మేడంగారు చెప్పారండి. మీ చదువు అవగానే తన క్లాసు మీకే ఇవ్వాలన్నారు. ఈ రెండేళ్ళూ ఎలాగోలా నెట్టుకొస్తాం లెండి" అన్నారు.

అప్పుడు లాస్య వచ్చింది. మాటలు రాని పిల్లలకు ఆ క్లాసులో గోడ మీద బొమ్మల కార్డులు ఉంటాయి. నీళ్ళు, ఊయల, బాత్రూమ్. కావలసినదాని కార్డు పీకి పెద్దవాళ్ళ చేతిలో పెడితే అది వెంటనే ఇవ్వాలి. ఒక్కసారి ఇవ్వకపోయినా పిల్లలకు కార్డు మీద నమ్మకం పోతుందట. టీచర్ల ఫోటోలతో కూడా కార్డులున్నాయి. ఆ కార్డు ఇస్తే ఆ మనిషి రావాలి.

లాస్య నా అరచేతిలో టీచరమ్మ ఫోటో పెట్టింది. పెట్టి, తన చెయ్యి చాపింది.

నేను ప్రిన్సిపాల్ గారి వైపు చూశాను. "నేను అప్లై చెయ్యలేదండి. టీచర్‌కి అబద్ధం చెప్పాను" అనేశాను, ఆ కార్డు పట్టుకునే.

"అదిప్పుడెందుకండి" అన్నారావిడ. ఆవిడ కళ్ళు లాస్య మీదే ఉన్నాయి. "ముందు పిల్లకి ఏం చెప్తారు?"

టీచర్ ఇక లేరని చెప్పాలా? ఎలా? వేరే కార్డు ఇవ్వాలా? ఆ ఫోటో గోడ మీంచి తీసేయాలా? తీసేస్తే ఆ పిల్ల రేపు ఏం అడగాలి? తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్నదేదీ అక్కరకు రాలేదు. మర్నాడు పొద్దున్నే బీఎడ్ దరఖాస్తు పంపాను. బుద్ధి ఎదుగుదల, ఆటిజం రెండింటి మధ్యా ఇన్ని నెలలు కొట్టుకున్నదాన్ని, ఆటిజం అన్న చోట టిక్కు పెట్టడానికి ఒక్క నిమిషం పట్టలేదు. ఆ రెండేళ్ళ చదువులో ఈ ప్రశ్నకు జవాబు ఉంటుందో లేదో తెలియదు. టీచరమ్మ ఉంటే అడిగేదాన్ని.

ఆ రోజు బడిలో మాత్రం చేతకాక లాస్య పక్కన నేల మీద కూచుండిపోయాను. ఆ పిల్ల ఏడవలేదు, అలగలేదు. భోజనం గంట కొట్టేదాకా వాకిలి వైపే చూస్తూ, చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది.