చీకటి చూపించి టీవీ అమ్మబోయిన వైనం

చేతికందిన బేరాన్ని చెడగొట్టడంలో ప్రొద్దుటూరు బజారులో నన్ను మించినవాడు లేడు. గొప్పకే చెప్తున్నాను, అంగళ్ల మధ్య పుట్టి పెరిగినవాడికి అలాంటి పేరు ఊరికే రాదు. టీవీలు గోడంత పెరుగుతున్న ఆ రోజుల్లో నేను మా మేనమామ అంగట్లో టీవీలు అమ్మేవాణ్ని. తక్కిన అంగళ్లవాళ్లు పొద్దున భక్తిపాటలు, సాయంత్రం క్రికెట్ పెట్టేవాళ్లు. నేను మాత్రం ఎవరూ చూడని దెయ్యాల సినిమాలు (దెయ్యం చివరిదాకా కనపడనివి), పరదేశపు ర్యాప్ కచేరీల డాక్యుమెంటరీలు పెట్టేవాణ్ని. తెర నలుపు ఆ సినిమాల్లోనే తెలుస్తుందనీ, స్పీకర్ల దమ్ము ఆ కచేరీల్లోనే తెలుస్తుందనీ నా వాదన. (అసలు సంగతి, నాకవంటే పిచ్చి. ఇంట్లో చూస్తే నాయన తిట్టేవాడు, అంగట్లో చూస్తే జీతమిచ్చేవాళ్లు.)

అన్నిటికన్నా పెద్ద టీవీ ఒకటి నెలల తరబడి కదలకుండా కూర్చుంది. "దాన్ని అమ్మినోనికే జమ్మలమడుగులో పెట్టే కొత్త అంగడి. నువ్వయినా సరే, నా కొడుకయినా సరే" అన్నాడు మామ.

ఆ వారమే పులివెందుల నుంచి ఒకాయన తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. కువైట్‌లో ఏళ్లకేళ్లు పనిచేసి తిరిగొచ్చిన మనిషి. "మా యమ్మకు అన్నిటికంటే పెద్దది గావల్లప్పా" అన్నాడు. బుద్ధున్నవాడు వెంటనే బిల్లు రాసేవాడు. నేను దెయ్యం సినిమా పెట్టాను.

ఖాళీ వరండా, సగం తెరిచిన తలుపు, దాని వెనక కటిక నలుపు. అవ్వ చాలాసేపు చూసింది.

"దెయ్యం యాడ నాయనా?"

"రాదవ్వా. వస్తాదేమోనని మనమే భయపడాల."

"చీకటికి ఇన్ని దుడ్లా? కరెంటు పోతే మా ఇంట్లో ఊరికే వస్తాది."

నేను గబగబా కచేరీకి మార్చాను.

"ఈ పిల్లోడు ఎవుర్ని తిడతాండాడు?"

"తిట్టడంల్యా అవ్వా, పాడతాండాడు."

"ఊపిరన్నా తీసుకోమనప్పా, పాపం" అంటూనే అవ్వ స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి ఆమె కాలు తాళం వేసింది. కొడుకు నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టాడు. అక్కడైనా ఆపొచ్చు. కానీ నా తెలివి ఊరుకోదే! "చివర చూడన్నా, నేల మింద కాగితం ముక్క గూడా కనపడతాది" అని చివరికి జరిపాను.

జనం వెళ్లిపోయిన మైదానం. కప్పులు, సీసాలు, కాగితాలు. పసుపుపచ్చ కోట్లు వేసుకున్న మనుషులు చీపుర్లతో వరసగా వస్తున్నారు.

"ఆపప్పా" అన్నాడాయన మెల్లగా.

అవ్వ అప్పటికే కొడుకు వైపు తిరిగింది. "నువ్వంపిన ఫోటోలో ఈ కోటే గదరా? ఆఫీసులో ఏసుకునేది అంటివే?"

ఆయన నేల చూశాడు. "కసువు ఊడ్చేటోళ్ల కోటమ్మా అది. ఆడ గూడా ఇట్లాంటి కచేరీలే, జనం పోయినంకనే మమ్మల్ని లోపలికి ఇడుస్తాండ్రి. ఒక్క పాట గూడా ఇన్ల్యా."

"ఇంత జాగా నువ్వే ఊడిస్తివా?"

"శానామందిమి ఉంటిమి లేమ్మా."

అవ్వ కొడుకు అరచెయ్యి తన ఒళ్లోకి లాక్కొని, బొటనవేలితో నిమిరింది. "పా, పోదాం. దీంట్లో ఏం పెట్టినా నాకు ఇదే కనపడతాది."

నేను ధర తగ్గించాను. మళ్లీ తగ్గించాను. నాకు తెలిసిన ఓదార్పు అదొక్కటే. "ధర కాదు నాయనా" అంది అవ్వ. ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు.

తర్వాత ఆ టీవీని మామ కొడుకు భక్తిపాటలు పెట్టి అమ్మాడు. జమ్మలమడుగు అంగడి వాడిదైంది, ఇప్పుడు బాగా నడుస్తోంది. ఇక నా లెక్క, ఉన్నదున్నట్టుగా. పోయినవి: ఒక టీవీ బేరం, ఒక అంగడి, నేను తెలివైనవాణ్నన్న మామ నమ్మకం. మిగిలింది: ఏ కచేరీ సినిమా చూసినా చివర్లో తెరమీద పేర్లన్నీ పడేదాకా లేవకపోవడం. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను. మైదానం ఊడ్చినవాళ్ల పేర్లు ఇంతవరకూ పడలేదు. మొత్తం మీద నష్టమే. దాని మీద బేరమాడను.