బాబాయి తప్పించుకున్న సూదులు

మా చిన్నప్పుడు... కంపౌండరు గారి సైకిలు బెల్లు వినబడగానే మా బాబాయి పెరటి గోడ దూకి అరటితోటలో పడేవాడు. వీధి గుమ్మంలో కాపలా నేను!

ఆ వర్షాకాలం బాబాయికి రక్తంతో జిగట విరేచనాలు పట్టుకున్నాయి. అందరం తాగేది కాలవ నీళ్ళే... చెంబు పట్టుకుని వెళ్ళేదీ ఆ గట్టుకే... ఇంక చెప్పాలా? అమలాపురం డాక్టరు గారు రోజుకొకటి చొప్పున పది సూదులు రాశారు. మూడు పడేసరికి రక్తం ఆగిపోయింది.

"తగ్గిపోయిందే కోతీ! ఇంకా పొడిపించుకోడానికి నేనేవన్నా గోనెసంచినా?" అన్నాడు బాబాయి.

నాకు పండగే. గుమ్మంలో కంపౌండరు గారు అడగడమే ఆలస్యం...

"బాబాయి అంబాజీపేట వెళ్ళేడండీ."

"విరేచనాల మనిషికి ఊళ్ళు తిరిగే ఓపికెక్కడిదే?"

"అందుకే బండి కట్టించుకుని వెళ్ళేడండీ!"

నాలుగు రోజులు తిరిగి కంపౌండరు గారు రావడం మానేశారు. నా అబద్ధాలు మాత్రం పదో రోజుదాకా ఆగలేదు. చేలోంచి మామ్మ రాగానే "ఇవాళా పొడిచేరు మామ్మా" అంటూ బాబాయిలా కుంటి చూపించేదాన్ని. మామ్మ పగలబడి నవ్వేది. అబద్ధానికో కొబ్బరి పువ్వు, బాబాయి నాకిచ్చే కూలి...

రెండు నెలలు పోయాయి. కొబ్బరికాయల కావిడి మోసే బాబాయి కుడి భుజం లాగుతోందన్నాడు. బరువు వల్లే అనుకున్నాం. మామ్మ నూనె వెచ్చజేసి రాసింది. కావిడి ఎడమ భుజానికి మారింది... నొప్పి మాత్రం కుడి భుజాన్ని వదల్లేదు. సాయంత్రమైతే వణుకుతో జ్వరం.

ఓరోజు అరుగు మీద పడుకుని ఉంటే, అదను దొరికిందని డొక్కలో చక్కిలిగింత పెట్టాను. ఎప్పుడూ మెలికలు తిరిగి నవ్వే మనిషి... వీధంతా వినబడేలా అరిచాడు. నా వేలు కుడి పక్కటెముకల కింద ఉంది.

డాక్టరు గారు కూడా అక్కడే నొక్కి చూశారు. "పది సూదులూ పడ్డాయామ్మా?"

"ఆయ్, అన్నీ పడ్డాయండీ. ఇదిగో, దీన్నడగండి. దగ్గరుండి చూసింది," అంది మామ్మ.

బాబాయి కళ్ళు మూసుకున్నాడు.

"మూడేనండీ..." అన్నాను.

మామ్మ కొట్టలేదు. కొడితే బాగుండేది.

"రక్తం ఆగితే పురుగు చచ్చినట్టు కాదమ్మా. కంటికి కనబడదది. పేగులోంచి కార్జంలోకి పోయి చీము గడ్డ కట్టించింది. ఆ భుజం నొప్పీ దానిదే. ఇవాళే కాకినాడ తీసుకెళ్ళండి," అన్నారాయన.

పడవ కదులుతుంటే బాబాయి చెయ్యెత్తి, "వచ్చేక కొబ్బరి పువ్వు తెస్తానే కోతీ..." అన్నాడు.

రాలేదు. దారిలోనే ఆ గడ్డ లోపల పగిలిపోయిందట...

ఆ పురుగు పేరు అమీబా అని చాలా ఏళ్ళకు తెలిసింది. ఐదో తరగతితో చదువాపేసిన నా బుర్రకి ఆ పేరు మాత్రం బాగా ఎక్కింది.

ఇప్పుడు కాలవ నీళ్ళు తాగేవాళ్ళు లేరు... సైకిలు మీద సూది తెచ్చే కంపౌండర్లూ లేరు. మాత్రలు చేతికిచ్చేస్తున్నారు. మా ఇంట్లోవాళ్ళు రెండు మింగి, తగ్గిపోయిందని మిగిలినవి సొరుగులో పడేస్తారు. ఆ సొరుగు తెరిచినప్పుడల్లా నాకు సైకిలు బెల్లు వినబడుతుంది...

మీ సొరుగులో ఎన్ని మిగిలాయో ఓసారి చూసి చెప్పండి. అబద్ధం మాత్రం చెప్పకండి.