మందు గింజ అని చెప్పాను

మా అక్క కుడి రొమ్ములో నువ్వుగింజంత లోహపు ముక్క ఒకటి పెట్టారు. అదేమిటో నాకు తెలుసు, బావకు తెలుసు, ఆమెకు మాత్రం తెలియదు. తెలియకుండా చూసుకున్నది నేనే. అక్క పోయి రెండేళ్ళు దాటింది. ఈ సంగతి రాయకుండా ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాను, ఇక చాలు.

నేను ఖమ్మంలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. మా ఇల్లు ఖానాపురం హవేలిలో. అక్కది తల్లాడ అవతల, అడవి మొదలయ్యే వైపు ఒక ఊరు. మిరప, పత్తి వేస్తారు. ఐదో తరగతితో చదువు ఆగిపోయినా చేను మీదా ఇంటి మీదా పెత్తనమంతా ఆమెదే. బావ ఆమె మాటకు ఎదురుచెప్పగా నేను చూడలేదు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. చిన్నప్పుడు నాకు జడలు వేసిందీ ఆమే, వీపు వాయగొట్టిందీ ఆమే.

గడ్డ సంగతి తనే చెప్పింది. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి పప్పు రుబ్బుతోంది. రుబ్బడం ఆపకుండానే, "గిక్కడ ఏందో రాయి లెక్క తగుల్తందే చెల్లె" అంది. ఖమ్మంలో పరీక్ష చేయించాం. కాగితం నేనూ బావా తెచ్చుకున్నాం. ఆమెకు చెప్పకూడదని అనుకోవడానికి మాకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

దానికి కారణం మా పెద్దమ్మ. ఆమెకూ ఇదే జబ్బు. ఎవరో నోరుజారి పేరు చెప్పారట, ఆ రోజు నుంచి ఆమె అన్నం ముట్టలేదట, నెల తిరక్కుండా పోయిందట. పెద్దమ్మ జబ్బు అప్పటికే ముదిరిపోయి ఉంటుందని బయాలజీ టీచరుకు తట్టాలి కదా! తట్టలేదు. మా ఇళ్ళలో మనిషిని చంపేది ముందు ఆ పేరు, జబ్బు తర్వాత.

హైదరాబాదులో డాక్టరు అక్కను బయట కూర్చోబెట్టి మా ఇద్దరికీ ఓపికగా చెప్పాడు. ముందు ఆరుసార్లు కీమో. దాంతో గడ్డ చిన్నదవుతుంది, ఒక్కోసారి పూర్తిగా కరిగిపోతుంది. "కరిగిపోతే అది ఎక్కడుండేదో సర్జన్‌కు ఎలా తెలుస్తుంది? అందుకే ఇప్పుడే సూదితో గడ్డ మధ్యలో చిన్న క్లిప్ పెడతాం. ఆపరేషన్ రోజు స్కాన్‌లో ఆ క్లిప్‌ను వెతుక్కుంటూ వెళ్ళి, దాని చుట్టూ ఉన్న కండ తీసేస్తాం. గడ్డ చేతికి తగలకపోతే జబ్బు పోయినట్టు కాదు. చేతికి దొరకనంత చిన్నది మిగిలి ఉండొచ్చు. గుర్తుపెట్టుకోండి" అన్నాడు. నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా.

"పేషెంట్‌కు తెలుసా?" అని అడిగాడు.

బావ చేతులు జోడించాడు. "చెప్పొద్దు సార్. తట్టుకోలేదు. మేమే మెల్లగ చెప్తం."

డాక్టరుకు నచ్చలేదు. "ఆపరేషన్ లోపు చెప్పి తీరాలి" అన్నాడు. అలాగేనని ఇద్దరం తలూపాం.

క్లిప్ పెట్టడానికి పావుగంట పట్టింది. చూపించిన చోటల్లా అక్క సంతకాలు పెట్టింది. నేను చదివాను కదా, తను చదవక్కర్లేదని ఆమె ధీమా. తిరుగు రైల్లో పైట మీద చెయ్యి పెట్టుకుని అడిగింది: "లోపల ఏం పెట్టిండ్రే?"

బావ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. నేనే అందుకున్నాను. "మందు గింజ అక్కా. అక్కడనే ఉండి గడ్డను కరిగిస్తది." ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! బావ నా వైపు చూసిన చూపులో కృతజ్ఞత కనిపించింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ క్షణాన నా తెలివికి నాకే ముచ్చటేసింది.

అబద్ధానికి తిండి పెడుతూ పోవాలి. కీమో బాటిల్ ఎందుకంటే, గింజకు బలం ఇవ్వడానికి. జుట్టు ఎందుకు ఊడుతోందంటే, గింజ వేడి చేస్తుంది కాబట్టి. పాపం, వేడికి మంచిదని చెంబుల కొద్దీ మజ్జిగ తాగేది, తాగినదంతా కక్కేది. వార్డులో పక్క మంచం వాళ్ళతో మాట కలపకుండా నేను కాపలా కూర్చునేదాన్ని. నాలుగోసారికి గడ్డ మెత్తబడింది. "నా లోపల కూలీ బాగనే పని చేస్తందే, తిండి అడగదు, సెలవడగదు" అని నవ్వింది. గుండు తలతో నవ్వితే అచ్చం మా నాన్నలా ఉండేది. నేనూ నవ్వాను.

ఆరోది అయిన వారానికి నన్ను స్నానాల గదిలోకి లాక్కెళ్ళి నా చెయ్యి పట్టుకుని రొమ్ముకు ఆనించింది. వెతికాను. ఏమీ లేదు. నొక్కి చూశాను. ఏమీ లేదు. "పోయిందే అక్కా!" అని అరిచాను. ఇద్దరం వాటేసుకుని ఏడ్చాం. నోట్‌బుక్కులో రాసుకున్నది నాకు గుర్తులేక కాదు. ఆ సంతోషం ముందు అది ఎక్కడో మూలన పడిపోయింది.

డాక్టరూ సంతోషించాడు. స్కాన్‌లో క్లిప్ ఒక్కటే తెల్లగా కనిపిస్తోందన్నాడు. మూడు వారాల్లో ఆపరేషన్ అని తేదీ ఇచ్చాడు. అక్క తెల్లబోయింది. "గడ్డనే లేదు గద సార్, ఏం కోస్తరు?" అంది. డాక్టరు నోరు తెరిచేలోపు బావ అడ్డం పడి, "ఇంటికి పోయి మాట్లాడుకుంటం సార్" అంటూ ఆమెను బయటికి తీసుకుపోయాడు. డాక్టరు నన్ను ఆపాడు. "ఇంకా చెప్పలేదా? ఆ శరీరం ఆమెదమ్మా, మీది కాదు" అన్నాడు కోపంగా. ఈ వారమే చెబుతానని మాటిచ్చాను.

రైల్లో అక్క ఒకటే గొణుగుడు. "మందు గింజ గడ్డను తిన్నది. ఇంక కోసుడేంది? ఈ దవాఖానాలోళ్ళకు కోతలు అలవాటైనై." ఆమె లెక్కలో తప్పేముంది? నేను చెప్పినదాన్ని నమ్మిన మనిషి ఇంకెలా ఆలోచిస్తుంది? ఆమెతో ఆపరేషన్‌కు ఊ అనిపించాలంటే ముందు నేను అబద్ధాలకోరునని ఒప్పుకోవాలి.

అప్పటికి మిరప పండింది. భద్రాచలం అవతలి అడవి ఊళ్ళ నుంచి కోత కూలీలు వచ్చి చేలో గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళ భాష ఇంట్లో అక్కకొక్కదానికే కాస్త వచ్చు. మొదటి ఆదివారం చెప్పాలనే వెళ్ళాను. కల్లంలో ఎండబోసిన ఎర్రటి కాయల మధ్య నిలబడి ఎవరినో కేకలేస్తోంది. నెత్తిన అప్పుడే నూగు వెంట్రుకలు. నన్ను చూసి చీర కొంగు తీసి తల చూపించింది, "వస్తున్నయే" అని. చెప్పలేకపోయాను. రెండో ఆదివారం కూలీల్లో ఒక పిల్లకు జ్వరం, అక్క దాన్ని తీసుకుని తల్లాడ వెళ్ళింది. హమ్మయ్య అనుకున్నాను. మూడో ఆదివారం బావ పశువుల పాక వెనక్కి పిలిచి, "నువ్వే చెప్పు, చదువుకున్నదానివి" అన్నాడు. "నీ పెండ్లాం, నువ్వే చెప్పు బావా" అన్నాను. అక్కడే నిలబడి ఒకరి మీద ఒకరం తోసుకున్నాం, చివరికి టీ తాగి వచ్చేశాను.

తేదీ వచ్చింది, పోయింది. ఆసుపత్రి నుంచి ఫోన్లు వస్తే బావ ఎత్తడం మానేశాడు. కోతలయ్యాక చూద్దామనుకున్నాం. తర్వాత నాకు పదో తరగతి పరీక్షల డ్యూటీ. అక్క ఒళ్ళు చేసింది, కళ వచ్చింది, ఫోనులో నా మీద జోకులు వేసింది. అంత బాగున్న మనిషికి ఏమవుతుందిలే అని నేనూ నమ్మడం మొదలుపెట్టాను. మొదట ఆమె కోసం చెప్పిన అబద్ధాన్ని చివరికి నేనే తాగాను.

తొలకరి పడ్డాక నడుం నొప్పి అంది. విత్తనాలు పెట్టి వంగి వంగి పట్టేసిందని బామ్ రాసుకుంది. పదిహేను రోజులకు మంచం దిగలేకపోయింది. కారు మాట్లాడుకుని హైదరాబాదు తీసుకెళ్ళాం.

ఈసారి డాక్టరు ఎవరినీ బయట కూర్చోబెట్టలేదు. చక్రాల కుర్చీ ముందుకు తన కుర్చీ జరుపుకుని, ఆమె చెయ్యి పట్టుకుని, జబ్బు పేరుతో సహా చెప్పాడు. క్లిప్ దగ్గర మళ్ళీ మొదలైంది, వెన్నులోకి, కాలేయంలోకి పోయింది. ఇక కోసినా లాభం లేదు. రేడియేషన్ ఇస్తే నొప్పి తగ్గుతుంది, అంతే.

అక్క మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. అన్నీ విని, "మరి ఆ మందు గింజ?" అంది.

"అది మందు కాదమ్మా. గుర్తు. గడ్డ కరిగాక కోయాల్సిన చోటు దొరకాలని పెట్టాం. మీవాళ్ళకు మొదటి రోజే చెప్పాను."

ఆమె బావ వైపు చూడలేదు. తల తిప్పడానికి కూడా నొప్పిగా ఉన్నా మెల్లగా తిప్పి నా వైపు చూసింది.

"నీకు ఎరుకేనా?"

"అవ్ అక్కా."

"ఎందుకు చెప్పలే?"

"భయపడతవని."

తిడుతుందేమోనని చూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె గొంతులో కోపం లేదు, చిన్నప్పుడు నాకు లెక్క తప్పితే మళ్ళీ చెప్పేటప్పటి గొంతు అది.

"భయపడేదాన్నే," అంది. "భయపడుకుంటనే వచ్చి కోయించుకునేదాన్ని గదనే."