కాయితాలు బ్యాంకులో ఉండాయి

తొంభయ్యో దశకం సగం గడిచాక, జూన్ బదిలీల్లో నన్ను జమ్మలమడుగు శాఖకు మేనేజరుగా వేశారు. అంతకు ముందు ప్రొద్దుటూరులో రెండేళ్లు అకౌంటెంటుగా చేశాను కాబట్టి ఈ ప్రాంతం నాకు బాగా తెలుసనుకున్నాను. నేను పుట్టింది తెనాలి దగ్గర. తెనాలి వాడికి రెండేళ్లలో ఏం తెలుస్తుంది, నా మొహం! ఆ రోజుల్లో పల్లెకు రెండు పార్టీలుండేవి. ఎన్నికల జెండాలు మారేవి గానీ పగలు మారేవి కావు.

జయరాజు బస్టాండు వెనక బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. తాతల నాడే మిషను బడిలో చదువుకున్న క్రైస్తవ కుటుంబం. భార్య మార్తమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. రెండు పార్టీల మోటార్లూ అతని షెడ్డుకే వచ్చేవి. ఇద్దరి పనీ చేసి, ఇద్దరికీ నమస్కారం పెట్టి, ఎవరి జీపూ ఎక్కకుండా బతికేవాడు. ఆ చుట్టుపక్కల అలా బతకడం మాటలు కాదు.

అతని ఇంటి మీద మా శాఖలో అప్పుంది. తీరడానికి ఇంకా ఎనిమిదేళ్లుంది. ఒకరోజు ఫిక్స్‌డ్ డిపాజిట్ బాండ్లు గుడ్డసంచిలో వేసుకుని నా ముందు కూర్చున్నాడు.

"ఈ దుడ్లు అట్నే పెట్టుకుంటే మంచిదా, అప్పు తీర్సేస్తే మంచిదా సార్? మీరే చెప్పండి. మీరు యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడతా."

నేను కాగితం మీద లెక్క వేశాను. అప్పు మీద మేం తీసుకునే వడ్డీ, డిపాజిట్ మీద ఇచ్చే వడ్డీ కంటే మూడు శాతం ఎక్కువ. గడువుకు ముందే డిపాజిట్ తీస్తే ఒక శాతం కోత. అది పోయినా తీర్చేయడమే లాభం. ఆపదకు ఒక బాండు ఉంచుకుని మిగతావి అప్పుకు జమ చేయమన్నాను. డిపాజిట్లు తగ్గితే పై ఆఫీసు వాళ్లకు నచ్చదు. అయినా కస్టమరుకు నిజమే చెబుతానని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఇంటి అప్పుకు తాకట్టు అంటే, ఒరిజినల్ క్రయపత్రం తెచ్చి బ్యాంకులో అప్పగించడం. బాకీ తీరేదాకా అది మా ఇనప బీరువాలో ఉంటుంది. తీరిన రోజు రిజిస్టరులో సంతకం చేయించుకుని తిరిగిస్తాం.

మర్నాడు మార్తమ్మ ఒక్కతే వచ్చింది. "వడ్డీ పోతే పోనీలెండి సార్. ఆ కాయితాలు ఈడ ఉంటేనే మాకు నిమ్మళం" అంది.

ఎందుకని అడిగాను. వెనక నిలబడ్డ వాళ్లను ఒకసారి చూసి ఊరుకుంది. మొగుడు ఇల్లు అమ్మేస్తాడని భయమేమో అనుకున్నాను.

"జయరాజుకు తాగుడు లేదు గదమ్మా, ఇల్లెందుకు అమ్ముకుంటాడు?" అన్నాను.

"అది గాదు సార్" అని వెళ్లిపోయింది. గదిలోకి పిలిచి తలుపేసి అడిగితే చెప్పి ఉండేదే. నేను పిలవలేదు. ఆడవాళ్లకు లెక్కలెక్కడ అర్థమవుతాయిలే అనుకున్నాను, బుద్ధి లేక.

అప్పు తీరింది. పత్రం చేతికొచ్చిన ఆదివారం జయరాజు ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టాడు. మేలు జరిగితే పదిమందిని పిలిచి ప్రార్థన చేయించి భోజనం పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ప్రార్థనయ్యాక పాస్టరు మైకు నా చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నాడు. ఈ రోజు నుంచి ఈ ఇంటి మీద పైసా అప్పు లేదని, పత్రాలు యజమాని చేతిలోనే ఉన్నాయని గట్టిగా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. మార్తమ్మ వడ్డిస్తున్నదల్లా ఆగి నా వైపు చూసింది.

పదిహేను రోజులకు ఒక పార్టీ పెద్దాయన మనుషులు షెడ్డుకొచ్చారు. ఆయన మేనల్లుడు బాంబుల కేసులో జైల్లో ఉన్నాడు. బెయిలు దొరికింది గానీ జామీనుకు ఇద్దరు కావాలి. అప్పు లేని ఆస్తి పత్రాలు మేజిస్ట్రేటుకు చూపించాలి.

"సంతకమే కదప్పా, నీ ఇల్లేమన్నా ఎత్తకపోతామా?" అన్నారట.

ఇదంతా తర్వాత మా అటెండరు ఖాసిం చెప్పాడు. అసలు సంగతి కూడా అప్పుడే చెప్పాడు. "మా పక్క పెద్దోళ్లకు లేదు అని చెప్పే మొగోడు యాడుండాడు సార్? కాయితాలు బ్యాంకులో ఉండాయి అంటాం. వాళ్లకూ కోపం రాదు, మనకూ తల ఉంటాది. జయరాజు మూడుసార్లు అట్నే తప్పించుకున్యాడు. మీ మాట మీద నమ్మకంతో అప్పు తీర్సేసినాడు, నాలుగోసారికి ఆ మాట లేకపాయ."

జయరాజు సంతకం పెట్టాడు. జామీను నిలబడ్డవాడు ఆ పార్టీవాడేనని రెండో పార్టీ తీర్పు. నెల తిరక్కుండా, మోటారు బిగించడానికి పోతున్న దారిలో ఆపి, కుడిచెయ్యి మణికట్టు దగ్గర నరికేశారు. కడప ఆసుపత్రిలో ప్రాణం మాత్రం దక్కింది. ఎడమచేత్తో రాగితీగ చుట్టడం ఎవరి వల్లా కాదు. షెడ్డు మూతపడింది.

మార్తమ్మ మళ్లీ వచ్చింది. "అప్పియ్యండి సార్. వెయ్యి రూపాయలైనా సరే. కాయితాలు మీరే పెట్టుకోండి. మళ్లా ఇంకో జామీనుకు అడుగుతాండారు" అంది.

కేసు తేలేదాకా ఆ ఆస్తి జామీనులో ఉంటుందని, బ్యాంకు దాన్ని తాకట్టు తీసుకోకూడదని చెప్పాల్సి వచ్చింది. సంపాదన లేని మనిషికి అప్పివ్వడానికి రూలూ లేదు.

"మీ లెక్క తప్పు గాదులే సార్. మీకు అర్థమయ్యేట్టు మేమే చెప్పలేకపోతిమి" అని లేచింది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మొహం చూడలేక లెడ్జరులోకి తల దించుకున్నాను.

ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. బ్యాంకులో తాకట్టు ఉన్న కాగితం ఒక్కోచోట మనిషికి అడ్డుగోడ అని, అది వడ్డీ లెక్కలో ఎక్కడా కనపడదని ఆ శాఖలో నేర్చుకున్నాను. ముందుగా అప్పు తీరుస్తామని వచ్చిన వాళ్లను తలుపేసి కూర్చోబెట్టి, పత్రాలు ఇంటికొస్తే వాటి కోసం ఎవరొస్తారని అడిగేవాణ్ణి. చాలామంది నవ్వేవారు. పులివెందుల శాఖలో మాత్రం ఇద్దరు బాండ్లు మళ్లీ సంచిలో పెట్టుకుని లేచి వెళ్లిపోయారు.